మౌనమునకు వేసిన తాళము

నేను హైస్కూలులో చదువుకొనుచున్న దినములలో విజయవాడ గవర్నరుపేటలో పుస్తకములను రోజుకింతయని అద్దెకిచ్చు బడ్డీకొట్టు ఒకటి యుండెడిది. అందలి డిటెక్టివు నవలలు వందలకొలది చేతులు మాఱి, అట్టలూడి, పుటల యంచులు నూనెచేతుల ముద్రలతో అప్పడములవలె మిలమిలలాడుచుండెడివి. ఒకనాడు కొమ్మూరి సాంబశివరావుగారి నవల నొకదానిని తెచ్చుకొని, రాత్రి భోజనములైన పిమ్మట దీపము దగ్గఱకు జరిగి, యుగంధరును ఆయన సహాయకుడు రాజును ఈమాఱు ఏ చిక్కులో పడుదురో యని ఆత్రముతో మొదటి పుట త్రిప్పునప్పటికి, నాకంటె ముందు చదివిన ఆకతాయి యెవడో శీర్షిక క్రిందనే హంతకుని పేరు పెన్సిలుతో ముత్యాలవంటి అక్షరములతో వ్రాసి, చాలదన్నట్లు దాని క్రింద రెండు గీతలు గీసి యుంచినాడు. వానిని కడుపార తిట్టుకొంటిని. అణాలు వృథా యయ్యెనని దుఃఖించితిని. అయినను అద్దె ఎటులును ఇచ్చితిని గదా యని చదువనారంభించి, తెల్లవారుజామున గాని పుస్తకము మూయలేదు. హంతకుడు మాట్లాడిన ప్రతి మాటయు, నవ్విన ప్రతి నవ్వును, కాఫీకప్పు క్రింద పెట్టిన తీరును నాకు రెండర్థములతో కనబడెను. ముగింపు తెలిసియుండుట పఠితకు నష్టమే కానక్కఱలేదని, నేర్పుగల రచయిత చేతిలో అది లాభము కూడ కాగలదని నేను మొట్టమొదట గ్రహించినది ఏ అలంకారశాస్త్రము వలనను గాదు, ఆ పెన్సిలు గీతల వలన.

ఇన్నేండ్ల తరువాత ఆ సంగతి మరల జ్ఞప్తికి వచ్చుటకు కారణము, ఇంగ్లండు దేశపు ఐ.టి.వి. వారు ప్రసారము చేసిన ‘ఎండెవర్’ అను అపరాధపరిశోధక నాటకశ్రేణియు, 2023వ సంవత్సరము మార్చి 12వ తేదీ ఆదివారము రాత్రి వెలువడిన దాని కడపటి భాగమును. ఈ శ్రేణి స్వతంత్రముగా పుట్టినది గాదు. కాలిన్ డెక్స్టర్ అను రచయిత 1975లో మొదలుపెట్టి పదమూడు నవలలలో నడిపిన ఆక్స్‌ఫర్డు డిటెక్టివు మోర్స్ కథను ఆధారము చేసికొని, జాన్ థా నాయకుడుగా 1987 నుండి 2000 వఱకు ముప్పది మూడు చిత్రములు వచ్చినవి. మోర్స్ మరణించిన పిమ్మట ఆయన సహాయకుడైన లూయిస్‌ను నాయకునిగా చేసి మఱి ముప్పది మూడు తీసిరి. అప్పటికిని జనులకు తనివి తీరకపోవుటచే, కాలచక్రమును వెనుకకు త్రిప్పి, 1965లో ఆక్స్‌ఫర్డులో అడుగుపెట్టిన యువకుడైన మోర్స్‌ను చూపుచు 2012 జనవరిలో ‘ఎండెవర్’ను ఆరంభించిరి. అది ముప్పది యాఱు చిత్రములై, కథాకాలమున 1972వ సంవత్సరమునకు వచ్చి నిలిచినది. ఈ ముప్పది యాఱింటిని రస్సెల్ లూయిస్ అను ఒకే రచయిత వ్రాసెననిన, పదిమంది కూర్చుండి తలయొక రంగము వండుచున్న నేటి కాలమున, ఆ యొక్క విషయమునకే చేతులెత్తి నమస్కరింపవలసి యున్నది.

మన లాక్షణికులు ఇతివృత్తములను ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము నని మూడు విధములుగా విభజించిరి. పూర్వకథగా పుట్టిన శ్రేణి యేదైనను, కథ యంతయు కల్పితమే యైనను, ప్రఖ్యాతవస్తువు క్రిందికే వచ్చును; ఏలయన ప్రేక్షకునకు కడ తెలియును. మోర్స్ పెండ్లి చేసికొనడు. బీరును, వాగ్నరు సంగీతమును, గళ్ళనుడికట్టును తోడుగా చేసికొని ఒంటరిగా ముదిరిపోవును. అతని తోడి పోలీసైన జిమ్ స్ట్రేంజ్ అతనిపై అధికారి యగును. 2000వ సంవత్సరమున మోర్స్ హృద్రోగముతో ఆసుపత్రి మంచము మీద కన్ను మూయును. రాముడు లంకను గెలుచునని తెలిసియే మనము హరికథకు పోవుదుము. తెలిసిన కడకు కథ ఏ దారిని చేరినదన్నదే ప్రఖ్యాతవస్తువునకు పరీక్ష.

ఆ పరీక్షలో ‘ఎండెవర్’ పదునొకండేండ్లు నెగ్గుకొని వచ్చినది. నెగ్గించినది హత్యలు గావు. నిజము చెప్పవలసివచ్చిన, సగము హత్యలకు కారణము నాకిప్పుడు జ్ఞాపకము లేదు. నెగ్గించినది ఫ్రెడ్ థర్స్‌డే అను ఇన్‌స్పెక్టరు. రోజర్ ఆలమ్ అను నటుడు ఆ పాత్రకు తన స్థూలదేహమును, గంభీరస్వరమును, తలమీది టోపీని, నోటిలోని పైపును సమర్పించి, యుద్ధమునకు వెళ్ళివచ్చిన ఒక తరము తండ్రిని మన కన్నుల ముందు నిలిపినాడు. చదువు మధ్యలో విడిచి, తండ్రితో పొసగక, తల్లిని చిన్ననాడే పోగొట్టుకొన్న మోర్స్‌ను ఆయన తన కారు నడుపుటకు పెట్టుకొని క్రమక్రమముగా కొడుకుగా చేసికొనును. ఆ వాత్సల్యమును రచయిత పెద్ద మాటలలో చెప్పలేదు. థర్స్‌డేగారి భార్య విన్ ప్రతిదినమును భర్తకు శాండ్‌విచ్ కట్టి యిచ్చును. వారమును బట్టి దానిలోని పదార్థము మాఱును. ఆమె పద్ధతి తప్పదు. ఆయన మధ్యాహ్నము బల్ల దగ్గఱ కూర్చుండి కాగితపు పొట్లము విప్పబోవుసరికి, మోర్స్ చూడకయే లోపల ఏమున్నదో చెప్పివేయును. ఆయన ముఖమున చిన్న విసుగును, దాని వెనుక చిన్న సంతోషమును కనబడును. అంతే. తండ్రి డబ్బాలో ఏమున్నదో మూతతీయకుండ చెప్పగలవాడు ఆ యింటి బిడ్డయే గదా.

ఇంకొక చోట, 2013 నాటి ‘ఫ్యూగ్’ అను భాగము చివర, వరుసహత్యలను చూచి మనస్సు వికలమైన మోర్స్, ఈ భారమును ఇంటికి మోసికొని పోకుండ ఎట్లు బ్రతుకుచున్నారని అడుగగా, ఇంటికి పోయి నీకిష్టమైన రికార్డును వినబడగలిగినంత గట్టిగా పెట్టుకొని, దీనిని చీకటి నానుండి లాగికొనలేకపోయినదని ప్రతి స్వరమునకును తలచుకొనుమని థర్స్‌డే చెప్పును. ముసలి మోర్స్ ఆ పాత చిత్రములలో చీకటిగదిలో గ్లాసు పట్టుకొని పాట వినుచు కూర్చుండుట మనము ఎన్నిమాఱులు చూడలేదు! ఆ యలవాటుకు మూలమిదియని రచయిత వేలెత్తి చూపకయే చూపినాడు. ప్రఖ్యాతవస్తువును నడుపుట యనిన ఇట్లు నడుపవలెను. పత్రికాసంపాదకురాలు డొరొతియా ఫ్రేజిల్ పాత్రను ధరించిన అబిగెయిల్ థా, జాన్ థా కుమార్తెయే. ఫ్రేజిల్ అనగా నీటిలో నేర్పడు మంచుపలుకు, దానికి ముందు ఆమె పేరులోని మొదటి యక్షరమగు ‘డి’ని చేర్చిన మంచు కరగించుట యను నర్థము వచ్చును, థా యన్న నింటిపేరునకును అదియే యర్థము. శ్లేషకు ప్రాణము పెట్టు మనవారికి ఇట్టి రచయిత బంధువువలె తోచుట వింత గాదు.

అయితే ఇంతటి తండ్రి యుండగా, ఆయనపేరు ముసలి మోర్స్ ఒక్కమాఱైనను ఏల ఎత్తలేదు? ముప్పది మూడు చిత్రములలో, పదమూడు నవలలలో, థర్స్‌డే యను మనిషి పేరు లేదు. అది పుట్టినదే 2012లో గనుక ఉండుటకు వీలులేదని లోకజ్ఞానము చెప్పును గాని, కథాలోకమునకు ఆ సమాధానము చెల్లదు. పైగా 1990లో వచ్చిన ‘మసానిక్ మిస్టరీస్’ అను పాత చిత్రములో మోర్స్ తనకు పని నేర్పిన గురువని ఒక పెద్దమనిషిని చూపినాడు. ఆయన పేరు మెక్‌నట్. గురువును తలచుకొనుటకు నోరురాని మనిషి గాడన్న మాట; ఈ గురువునే తలచుకొనలేదు. మొదటి చిత్రమున థర్స్‌డే, ఇరువది యేండ్లకు నీవెక్కడ నుందువని యడుగగా, మోర్స్ కారు అద్దములోనికి చూచుటయు, అద్దములో నుండి జాన్ థా కన్నులు తిరిగి చూచుటయు జరిగిన క్షణమునుండియు, ఆ ప్రశ్న ప్రేక్షకుల మనస్సులో ముల్లువలె మిగిలినది. ఆ ముల్లు తీయుట కడపటి భాగమునకు విధి యైనది.

ఆ రాత్రి నేను రెడింగులో, మా మేనల్లుని యింట నుంటిని. ఆక్స్‌ఫర్డునకు అక్కడినుండి రైలులో అరగంట. మేనల్లుని భార్య పెందలకడనే వంట ముగించి, పిల్లలను మేడమీదికి తోలి, ‘మామయ్యగారూ, ఎనిమిదికల్లా కూర్చోవాలి, మధ్యలో నన్ను ఏమీ అడగొద్దు’ అని నన్ను ముందే హెచ్చరించినది. ఆ శ్రేణిని నాకు అలవాటు చేసినది ఆ యమ్మాయియే. రెండుగంటలు, ప్రకటనల విరామములతో సహా, మేము మువ్వురము నోరు మెదపలేదు. ముగిసిన పిమ్మటను కొంతసేపు మెదపలేదు. తరువాత మా మేనల్లుడు, ‘అదేంటి మామయ్యా, ఇంతేనా?’ అన్నాడు.

ఏమి జరిగినదో చెప్పెదను. భాగము పేరు ‘ఎక్సియంట్’. పాత్రలందఱును రంగమునుండి నిష్క్రమింతురని ఆంగ్ల నాటకకర్తలు వ్రాసెడి సూచన అది. పత్రికలో పడుచున్న మరణవార్తా ప్రకటనల వెనుక నున్న కుట్ర యొకటి; 2014లో తెఱచి సగములో వదలిన బ్లెన్‌హైమ్ వేల్ అను బాలుర గృహపు దారుణము మఱియొకటి; థర్స్‌డే కుమార్తె జోన్‌కును జిమ్ స్ట్రేంజ్‌కును వివాహము ఇంకొకటి. ఇన్నింటి నడుమ, తన కుమారుడు సామ్ కొఱకు థర్స్‌డే మోటారుసైకిలు ముఠావాని నొకనిని చంపెనని మోర్స్ కనిపెట్టును. కనిపెట్టి, చట్టమునకు అప్పగింపక, ఊరు విడిచి పొమ్మనును. థర్స్‌డే బదిలీ మీద కార్షల్ న్యూటౌన్‌కు పోవును. మోర్స్ తొలుత ఆక్స్‌ఫర్డునకు వచ్చినది ఆ యూరినుండియే. ఆ చక్రము చక్కగా తిరిగినదని ఒప్పుకొందును. ఇక పదునొకండేండ్ల ప్రశ్నకు సమాధానము: ఆయన పేరెత్తిన ఈ రహస్యము బయటపడును, జోన్ కాపురమును సామ్ బ్రతుకును కూలిపోవును, కనుక మోర్స్ జన్మాంతము నోరు విప్పలేదు.

తర్కమునకు ఇందులో లోపము లేదు. తాళము సరిగా పట్టినది. చెవి సరిగా తిరిగినది. నా తగవంతయు అక్కడనే యున్నది. ఒక మనిషి తాను మిక్కిలి ప్రేమించినవారిని గూర్చి మాటలాడకుండుటకు హత్య కావలెనా? మా నాయనగారు తమ యన్నగారిని గూర్చి, ఆయన పోయిన తరువాత, ముప్పది యేండ్లలో మూడు మాటలు చెప్పియుండరు. వారి నడుమ ఏ రహస్యమును లేదు, ఏ నేరమును లేదు. మాటలాడిన గొంతు పూడుకొని పోవును గనుక మాటలాడలేదు. పెద్దనాయనగారి చేతికఱ్ఱ మాత్రము మా వసారాలో ఆయన తగిలించిన మేకునకే వ్రేలాడుచుండెడిది. సున్నము వేయించునప్పుడు కూడ దానిని తీయనిచ్చువారు గారు. మోర్స్ సరిగా అట్టివాడు. తన మొదటిపేరు ఎండెవర్ అని, నవల ప్రకారము, 1996 వఱకు ఎవరికిని చెప్పనివాడు! పేరడిగిన, మోర్స్ అనుమని త్రోసిపుచ్చినవాడు. తల్లిని గూర్చి చెప్పనివాడు, ప్రేమించిన స్త్రీలను గూర్చి చెప్పనివాడు, తన పేరే తాను చెప్పనివాడు, థర్స్‌డే పేరు చెప్పకుండుటకు ప్రత్యేకముగా ఒక శవము నేల పాతిపెట్టవలెను? ఆ మౌనము ఆతని స్వభావమున ముప్పది యాఱు చిత్రములుగా, అంతకు ముందు ముప్పది మూడు చిత్రములుగా, పెరుగుచునే యున్నది. పండిన పండును రాల్చుకొనక, కొమ్మకు తాళము బిగించినట్లయినది.

ఈ తాళము వలన ఇంకొక నష్టమును కలదు. థర్స్‌డే పతనము మనకు క్రొత్త గాదు; కొన్ని యేండ్లక్రితము ధనవిషయమున తప్పటడుగు వేసి, భార్య యెదుట తలవంచి, మోర్స్ యెదుట సిగ్గుపడినాడు. ఆ పతనమునకు కాలము పట్టినది, మనకు నొప్పి తెలిసినది. ఈ హత్యయో, ఒక ప్రశ్నకు జవాబుగా నియోగింపబడి వచ్చి, పని ముగించుకొని పోయినది. ఇంతటి పాపము చేసిన తండ్రిని ఇంతటి బిడ్డ కాచుట యన్నది ఒక పూర్తి శ్రేణికి చాలిన విషాదము. దానిని కుట్రకును పెండ్లివిందునకును నడుమ ఇఱికించి, కడపటి అరగంటలో కొన్ని మాటలతో తేల్చివేసిరి. మహానటులగుటచే ఆలమును, మోర్స్ పాత్రధారి షాన్ ఎవాన్సును ఆ కొన్ని మాటలలోనే మన కన్నులు చెమర్చునట్లు చేసినారు. కన్నులు చెమర్చినవి గదా, ఇక తగవేల యని మా మేనల్లుని భార్య వాదించినది. ఉల్లిపాయ తరిగినను చెమర్చునంటిని. ఆమెకు కోపము వచ్చినది.

ఇక తుపాకి. థర్స్‌డే పోయిన పిదప మోర్స్ ఒంటరిగా రివాల్వరును, గుండును పట్టుకొని కూర్చుండును. దృశ్యము మాఱిన పిదప ఒక పేలుడు వినబడును. ఒక్క క్షణము మనల నూపిరి బిగబట్టుమని రచయిత యడుగుచున్నాడు. బిగబట్టుట యెట్లు? ఇతడు ఇంకను ఇరువది యెనిమిదేండ్లు బ్రతుకునని, ముప్పది మూడు చిత్రములు సాక్ష్యము చెప్పుచున్నవి గదా! నిర్వహణసంధిలో అద్భుతరసము నిలుపవలెనని భరతుడు చెప్పిన మాట నిజమే గాని, అద్భుతము వేఱు, బెదరింపు వేఱు. నా చేతిలోని పుస్తకము మొదటి పుటలోనే పేరు వ్రాసియుండగా, కడపటి పుటలో, చూడుము, వీడు కాడేమో యని కన్ను గీటుట వంటిదిది. ఆ తరువాత బృందగానము. అటుపై మోర్స్ నల్లని జాగ్వారులో పోవుచుండగా, ముసలి మోర్స్‌ది యగు ఎఱ్ఱని జాగ్వారు ఎదురుగా సాగిపోవుట. మొదటి చిత్రములోని అద్దపు చూపు పెట్టిన పులకరింత దీనికి లేదు. ఆనాడు ఆ కన్నులు ఒక ప్రశ్నకు బదులుగా వచ్చినవి. ఈ కారు ఎవరు పిలిచినను రాలేదు. అభిమానులు చప్పట్లు కొట్టుటకు వచ్చినది.

అంతయు నిట్లే యున్నయెడల నేను ఈ వ్యాసము వ్రాయకపోదును; చెడ్డ ముగింపులకు లోటులేదు, వానిని గూర్చి వ్రాయుచు కూర్చుండిన సిరాకు కరువు వచ్చును. నన్ను బాధించినది, అదే చిత్రములో, గురిదప్పని ముగింపు ఒకటి ఉండుట. పెండ్లివిందులో మోర్స్ జోన్ యెదుట నిలుచును. ఏండ్ల తరబడి నోట రాని మాట చెప్పివేయును, ఆమె వినును, ముద్దు పెట్టుకొందురు. మనకు గుండె ఝల్లుమనును, ఇది జరుగుటకు వీలులేదే యని. మఱుక్షణమున అదంతయు ఆతని తలలో జరిగినదని తెలియును. ఆమె పెండ్లిదుస్తులలో ఎదురుగా నున్నది. ఆతడు మర్యాదకు తగిన రెండు పొడిమాటలు చెప్పి తొలగిపోవును. ఆమెను చేసికొన్నవాని క్రింద ఇంక దశాబ్దములు కొలువు చేయవలెనని మనకు తెలియును, ఆతనికి తెలియదు. ఇక్కడ రచయితకు హత్య అవసరము గాలేదు, తుపాకి అవసరము గాలేదు. తెలిసిన కడయే మనలను గాయపఱచినది. జోన్ విషయమున మౌనమును స్వభావమునకు వదలిన చేయియే, ఆమె తండ్రి విషయమున తాళపుచెవికై వెదకుట యేల?

నాకు తోచిన కారణమొక్కటి. పదునొకండేండ్లు ప్రేక్షకులును పత్రికలవారును ఒకే ప్రశ్న అడిగిరి. అడుగగా అడుగగా ఆ ప్రశ్న రచయితకు అప్పువలె తోచియుండును. అప్పు తీర్చవలసినవాడు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చునే గాని కవిత్వము చెప్పడు. చెప్పకుండుటకును ధైర్యము కావలెను. తిక్కనగారు నిర్వచనోత్తర రామాయణమున రామనిర్యాణమును వ్రాయక విడిచిరి. ఆయన చాలించిన చోటును లోకము ఓర్వలేక, తరువాతి కాలమున జయంతి రామభట్టు అను కవి పూనుకొని ఆ మిగిలినదానిని పూరించెను. ఆ పూరణమును నేడు వెదకి చదువువారు ఎందఱో నాకు తెలియదు. రస్సెల్ లూయిస్ తానే తిక్కనయు, తానే రామభట్టును కావలసి వచ్చినది, అది కష్టమే.

ఆ రాత్రి మేము పండుకొనుసరికి ఒంటిగంట యైనది. మఱునాడు సోమవారము ఆక్స్‌ఫర్డు చూచి వచ్చుటకు నేనొక్కడనే బయలుదేఱితిని. మేనల్లుని భార్య, ఉల్లిపాయ మాటకు ఇంకను కొంచెము ముభావముగానే యుండి, గుమ్మము దగ్గఱ నాకు స్టీలు డబ్బా ఒకటి అందించినది. చలిగాలికి ఆవిరి పట్టిన మూత చేతికి వెచ్చగా తగిలెను.

‘చెప్పమంటావా అమ్మా, ఇందులో ఏముందో?’ అంటిని. ‘పులిహోర. నిన్నటి అన్నం మిగిలింది, నేను చూశాను.’

ఆ యమ్మాయి నవ్వు ఆపుకొనుచు తల అడ్డముగా ఊపినది గాని, చెప్పలేదు. రైలు కదలిన పిమ్మట మూత తీసితిని. ఉప్మా. కరివేపాకు మీద జీడిపప్పులు నాలుగు, పైకి కనబడునట్లు.